గ్రంథాలయమునుండి నాటకము

హరిశ్చంద్ర నాటకమునకు తిరునాళ్లలో రాత్రి 10 గంటలకు తెఱ లేచిన, కాటిసీను వచ్చుసరికి తెల్లవాఱుజామగును. చాపలు పఱచుకొని ముందు కూర్చున్న మన యాడువారు నక్షత్రకుని మాటలకు నవ్వుదురు. వారణాసి పద్యములు విందురు. అంతలో ఒడిలోని పిల్లవాడు మేల్కొని యేడ్చును. వానిని భుజమున వేసికొని యింటిదారి పట్టవలసినది తల్లియే గాని తండ్రి గాదు. పాడిగేదె గల యిల్లాలు కోడి కూయకముందే లేచి పోవలయును. ఇక చంద్రమతి చచ్చిన కొడుకును చేతులపై నెత్తుకొని కాటికి వచ్చి పాడునప్పుడు వినుటకు మిగులువా రెవరు? పురుషులు. తల్లి దుఃఖమంతయు తల్లులు లేచిపోయిన పిమ్మట రంగమున నడచుచున్నది. హరిశ్చంద్రుని కథ తెలియని యిల్లాలు మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో నుండదు. కాని యా నాటకమును మొదలునుండి తుదివఱకు కన్నులార చూచినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చునని నా తలంపు.

చూడక విడిచిన యా భాగమును ఇంటనే, తీరిక దొరికినపుడు, నడుమ నడుమ ఆపియైనను చూచుటకు ఈ కాలమున సాధనము లున్నవి. ఐరోపా, అమెరికా ఖండములలో ప్రజాగ్రంథాలయములు పుస్తకములతో బాటు ఆపెరా ప్రదర్శనముల వీడియోలనుగూడ సభ్యులకు ఎరువిచ్చుచున్నవి. ఈ మాసము ఆ సంగతి ముచ్చటింపదలచితిని. ఇది దూరదేశపు వింతగా విని విడువదగినది గాదు. మన యూరి గ్రంథాలయమువారిని అడుగదగినది.

ఆపెరా యనగా మాటలకు బదులు చాలవఱకు పాటయే కథను నడుపు నాటకము. మన పద్యనాటకమునకు హార్మోనియము ఎట్టిదో దానికి పెద్ద వాద్యబృంద మట్టిది. ఇటలీదేశములో ఇంచుమించు 1600 నాటికి ఇది రూపుదాల్చినది. 1607లో మాంటువా నగరమున మాంటెవెర్డీ యను సంగీతకర్త ప్రదర్శింపజేసిన ‘ఓర్ఫియో’ కథ విన్నచో మనవారికి వెంటనే మన పురాణము జ్ఞప్తికి వచ్చును. పెండ్లినాడే పాము కఱచి భార్య మరణింపగా, భర్త తన గానముతో యమలోకమును కరగించి ఆమెను వెంటబెట్టుకొని వచ్చును. వెనుదిరిగి చూడరాదన్న కట్టడిని మీఱి చూచి, ఆమెను మరల పోగొట్టుకొనును. మన సావిత్రి అట్లు తడబడలేదు గదా!

ఇంచుమించు ఆ దినములలోనే తంజావూరు నాయకరాజుల కొలువున తెలుగు యక్షగానము వర్ధిల్లినది. విజయరాఘవనాయకుని యాస్థానమున రంగాజమ్మ యను విదుషీమణి ‘మన్నారుదాస విలాసము’ అను యక్షగానము రచించినది. పాటలతో నాటకము కట్టుటలో తెలుగు స్త్రీ పేరు పదునేడవ శతాబ్దముననే కలదని మన యాడుపిల్లలకు ఎవ్వరు చెప్పుచున్నారు? త్యాగరాజస్వామి కీర్తనలు పాడువారిలోగూడ ఆయన ‘ప్రహ్లాదభక్తివిజయము’, ‘నౌకాచరిత్రము’ అను రెండు గేయనాటకములు వ్రాసెనని యెఱిగినవారు అరుదు. కనుక ఆపెరా మనకు పరాయిది గాదు. పేరు మాత్రమే పరాయిది.

మన కథనే పరదేశి ఆపెరాగా కట్టిన ముచ్చటయు కలదు. గుస్టావ్ హోల్స్ట్ అను ఆంగ్ల సంగీతకర్త సంస్కృతము అభ్యసించి, భారతములోని సావిత్రీకథను గ్రహించి, ‘సావిత్రి’ యను చిన్న ఆపెరా రచించెను. అది 1916లో లండనులో తొలిసారి ప్రదర్శింపబడినది. పాత్రలు మువ్వురే: సావిత్రి, సత్యవంతుడు, మృత్యుదేవత. సుమారు అరగంటలో ముగియును. ఆరంభమున వాద్యము ఒక్కటియు మ్రోగదు. చీకటిలో దూరమునుండి మృత్యువు గొంతు మాత్రము వినవచ్చును; దానిని సావిత్రి యొక్కతెయే వినుచుండును. భర్త అడవినుండి సంతోషముగా పాడుచు వచ్చును; అతనికి ఏమియు తెలియదు. మన పురాణములో సావిత్రి సంతానవరము కోరి యముని చిక్కులబెట్టినది. హోల్స్ట్ సావిత్రి అట్లు కాక, తనకు నిండు జీవితము నిమ్మని కోరును. మృత్యువు ఇచ్చెదననును. భర్త లేని జీవితము నిండు జీవితము గాదని ఆమె యనగా మృత్యువు మాటకు కట్టుబడి వెడలిపోవును. పుత్రులకొఱకు గాక తన జీవితముకొఱకే అడిగిన ఈ సావిత్రి నాకు మిక్కిలి నచ్చినది. పాఠకురాండ్రలో కొందఱికి నచ్చకపోవచ్చును. ఈ రెండు సావిత్రులను గూర్చి మధ్యాహ్నపువేళ నలుగురు కూడి వాదించుకొన్నను మంచిదే.

ఫిలిప్ గ్లాస్ అను అమెరికా సంగీతకర్త గాంధీమహాత్ముని దక్షిణాఫ్రికా జీవితమును ‘సత్యాగ్రహ’ యను పేర ఆపెరాగా కట్టెను. 1980లో రోటర్‌డామ్ నగరమున తొలుత ప్రదర్శింపబడిన దీనిలో పాడునదంతయు సంస్కృతము. మాటలు భగవద్గీతనుండి గ్రహింపబడినవి. నిత్యము గీత చదువు అవ్వకు ఆ తెల్లవారి నోట వచ్చు పలుకులలో కొన్నియైనను తెలియకపోవు.

ఒక మాట ముందుగా చెప్పవలయును. తొలిసారి వినునపుడు ఆపెరా గాయనీగాయకుల గొంతులు మనకు కేకలవలె తోచును. మైకు సాయము లేకుండ పెద్ద నాటకశాల చివరివఱకు వినిపింపవలసిన గొంతులవి. మన రంగస్థల నటులుగూడ మైకులు రాకముందు అట్లే పాడిరి. ఒక్కొక్క పద్యము చివర రాగము తీసి తీసి ఊరిబయటివఱకు వినిపించిరి. ‘వన్స్ మోర్’ అని అఱచి అదే పద్యమును మరల పాడించుకొను మన ప్రేక్షకుల యలవాటును చదువుకొన్నవారు ఎగతాళి చేయుదురు. ఆపెరాలోను ఆ యలవాటున్నది. ఇటలీలోని పేరుపొందిన లా స్కాలా నాటకశాలలో మరల పాడుట మానిపించి చాలకాలమైనను, 2007లో హువాన్ డియేగో ఫ్లోరెస్ అను గాయకుడు ప్రేక్షకుల కోరికపై ఒక పాటను రెండవమాఱు పాడక తప్పలేదు. 1933 తరువాత అక్కడ అట్లు జరుగుట అదే మొదలట!

ఇట్టి ప్రదర్శనలు ఇండ్లకు చేరిన క్రమము సంగ్రహముగా చెప్పెదను. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఆపెరావారు 1977లో తమ రంగస్థలమునుండి ‘లా బోహెమ్’ను టెలివిజనులో ప్రసారము చేసిరి. 2006 చివరనుండి సినిమాహాళ్లకు ప్రసారము చేయసాగిరి. 2020లో మహమ్మారివలన నాటకశాలలు మూతపడినపుడు పాత ప్రదర్శనలను ప్రతిరాత్రియు ఉచితముగా చూపిరి. 1983లో టొరాంటో నగరపు ఆపెరావారు రంగస్థలము పైభాగమున పాట యర్థమును అక్షరములలో చూపు పద్ధతి మొదలిడిరి. వీడియోలలో అది బొమ్మ యడుగున వచ్చును. ఇటాలియను భాష యొక్కముక్కయు రానివారు సైతము కథ ననుసరింపగలుగుట దీనివలననే. మన పద్యనాటకముల వీడియోలలో పద్యమును అడుగున తెలుగక్షరములలో చూపిన ఎంత మేలు! ఇప్పటి పిల్లలకు ఇటాలియను ఎంత దూరమో తిరుపతి వేంకటకవుల సమాసములును ఇంచుమించు అంత దూరమైనవి.

ఇక గ్రంథాలయముల సంగతి. న్యూయార్కు ప్రజాగ్రంథాలయమునకు నాటక, సంగీత, నృత్యములకై 1965లో తెఱచిన ప్రత్యేకశాఖ యొకటి కలదు. సభ్యురాలు ఆపెరా డీవీడీని పుస్తకమువలెనే కార్డు చూపి యింటికి తీసికొనిపోయి, గడువులో తిరిగి యిచ్చును. అదే శాఖ 1970నుండి రంగస్థల నాటకములను వీడియోగా పట్టి భద్రపఱచుచున్నది. వాని నింటికీయరు, అక్కడనే కూర్చుండి చూడవలయును. ఒకటి వాడుకకు, ఒకటి దాచుటకు. ఈ విభాగము చక్కనిదని నా యభిప్రాయము. ఉన్న యొక్క ప్రతినే చేతులు మార్చిన అది అరిగిపోవును. ఎవ్వరికి నీయక బీరువాలో బిగించిన అది యుండియు లేనిదే.

మన వైపు చూతము. మార్కాపురము, గిద్దలూరు ఉన్న గుంటూరు–గుంతకల్లు రైలుదారి నాటకచరిత్రకు సూత్రమువంటిది. ఒక కొసకు వినుకొండ, గుంటూరు. మఱియొక కొస దాటిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు, రాఘవగారు నటించిన బళ్లారి. దక్షిణమున కడపసీమలో 1885లో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటకసమాజము. సురభివారిలో కుటుంబమంతయు నటులే. స్త్రీవేషములు స్త్రీలే వేయుట ఆనాటికే వారిలో కలదు. ఆ కుటుంబమునకు చెందిన కమలాబాయి 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించినది. అంతకు ముందటి యేడు వచ్చిన తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’ ప్రతి యొక్కటియు నేడు దొరకదు. పెద్ద కంపెనీ తీసిన సినిమాయే అట్లు నశించినపుడు, మన తిరునాళ్లలో ఎవరో పట్టిన నాటకపు టేపు గతియేమి?

గ్రామఫోను కాలమున పళ్లెమున కొక ప్రక్క సుమారు మూడు నిమిషములే పట్టెడిది. కావున నటుడు పది నిమిషములు పాడు పద్యమును కుదించి, ఆలాపన కత్తిరించి పాడెడివాడు. ఆనాటి పళ్లెములను విని ‘వారి రాగము ఇంతేనా’ యనువారు ఈ సంగతి గమనింపవలయును. పిమ్మట రేడియో వచ్చినది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. తరువాత క్యాసెట్లు వచ్చి రాత్రియంతయు నడచు నాటకమును పూర్తిగా పట్టుటకు వీలు కలిగించినవి. వీడియో కెమెరా వచ్చిన పిదప, పెండ్లిండ్లు తీయువారే ఊరి నాటకమునుగూడ తీసిరి. ఆ టేపులు నాటకము చేయించినవారి యిండ్లలో ఇనుపపెట్టెలలో పడియున్నవి. రేకులకప్పు క్రింద మన వేసవి వేడికి ఆ టేపు ఎన్నాళ్లు నిలుచును? వీడియో క్యాసెట్టు ఆడించు యంత్రములను చివరివఱకు చేయుచుండిన జపానుదేశపు కంపెనీయు 2016లో మానివేసినది. టేపు బాగున్నను ఆడించునది లేక మూగపోవు దినములివి. యునెస్కో వారును ధ్వనిభాండార నిపుణులును 2019లోనే ఈ విషయమున ప్రపంచమంతటిని హెచ్చరించిరి. మార్కాపురపు పలకపై వ్రాసినది తడిగుడ్డ తగిలిన పోవునని బడిపిల్లవానికిగూడ తెలియును. టేపు అంతకంటె అన్యాయమైనది. ఎవ్వరును తుడువకున్నను తానే తుడిచికొనిపోవును.

‘యూట్యూబులో అన్నియు నున్నవి గదా, గ్రంథాలయ మెందులకు?’ అని కోడలు అడుగవచ్చును. చాల యున్నవి, నేనును వినుచునే యుందును. కాని అక్కడ దొరకునవి యెక్కువగా తునుకలు. ఒక పద్యమునకును మఱియొక పద్యమునకును నడుమ సబ్బు ప్రకటన వచ్చును. పాడినది ఎవరో, ఏ యూరో, ఏ సంవత్సరమో వ్రాసియుండదు. స్త్రీపాత్రధారిణి పేరును హార్మోనిస్టు పేరును మొదలే యుండవు. పెట్టినవాడు తీసివేసిన నాడు అదియు పోవును. గ్రంథాలయమునకు చేరినది పట్టికలో కెక్కును, పేర్లు, తేదీలు నిలుచును, అడిగినవారికి దొరకును.

అంతకు మించిన లాభ మొకటి కలదు. నాటకమును, ఆ నాటకపు పుస్తకమును ఒకే బల్లపై నిచ్చుట గ్రంథాలయమునకే సాధ్యము. పుస్తకము ఒడిలో నుంచుకొని వీడియో చూచిన, నటుడు ఏ పద్యమును విడిచెనో, ఏది చేర్చెనో తెలియును. దీనికి హరిశ్చంద్ర నాటకమే మంచి యుదాహరణము. రంగముపై మనవారు ఆడునది బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి నాటకము. కాటిసీనులో ప్రేక్షకులు చెవులు నిక్కించి విను శ్మశానపద్యములలో కొన్ని యా పుస్తకమున వెదకినను కానరావు. అవి గుఱ్ఱము జాషువగారివి. ఆయన ఖండకావ్యమునుండి నటులు గ్రహించి నాటకమున చేర్చిరి. జాషువగారు 1895లో పుట్టినది మనకు రైలుదారిలో నున్న వినుకొండయే. అంటరానితనమువలన అవమానముల పాలైన కవి పద్యములు, కాటికాపరియైన రాజు నోట, ప్రతి తిరునాళ్లలోను వినబడుచున్నవి. ఆ పద్యములు ఆయనవని తెలియక చేతులు మోడ్చి వినినవారెందఱో! నాటకమును, బలిజేపల్లివారి పుస్తకమును, జాషువగారి పుస్తకమును మూడింటిని తెచ్చుకొని చూచు యిల్లాలు ఈ సంగతి నెవ్వరు చెప్పకయే కనిపెట్టును.

ఇందుకు ధనమెక్కడిదందురా? మనము కట్టు ఇంటిపన్నుతో బాటు రూపాయకు 8 పైసలు గ్రంథాలయపు పన్నుగా కట్టుచునే యున్నాము; 1960నాటి గ్రంథాలయచట్టము ఏర్పఱచిన పద్ధతి యిది. ఆ సొమ్ములో మన వంటయింటి కప్పుయొక్క భాగమునుగూడ కలదు. గ్రంథాలయము తెఱచియుండు ఉదయ సాయంకాలములే మన పొయ్యి మండు వేళలు. కావున అక్కడ కూర్చుండి చదువుటకంటె ఇంటికి తెచ్చుకొనుటయే మన కనుకూలము. ఇక గ్రంథాలయములు సర్కారు సొమ్ముతోనే పుట్టెననుకొనరాదు. వేటపాలెములోని సారస్వతనికేతనమును 1918లో ఊరి యువకులు స్థాపించిరి. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. ఊరివారు కూర్చిన పాతపత్రికలకొఱకు నేడు పరిశోధకులు ఎక్కడెక్కడినుండియో అక్కడికి వచ్చుచున్నారు. ఆనాడు వారు పత్రికలను కూర్చినట్లు నేడు మనము నాటకములను కూర్చవలయును.

చేయవలసిన పని చిన్నది. పదిమంది సభ్యురాండ్రు చేవ్రాలు చేసి, ‘పద్యనాటకముల వీడియోలు, ఆ నాటకముల పుస్తకములు ఎరువీయుడు’ అని గ్రంథాలయాధికారికి కాగితముమీద వ్రాసి యీయవలయును. నోటిమాట గోడకు తగిలి పోవును. కాగితము బల్లమీద నుండును. ఏయే నాటకములు కావలయునో పేర్లుగూడ వ్రాసిన వారికి సులభము. చట్టము అడ్డుపడునని ఎవరైన సందేహించినచో, 2012లో సవరించిన కాపీరైటు చట్టము ప్రకారము, లాభము కోరని ప్రజాగ్రంథాలయము తనయొద్ద నున్న ప్రతిని భద్రపఱచుటకై ఎలక్ట్రానిక్ రూపమున నిలువచేసికొనవచ్చునని చెప్పుడు. అది దాచుటకిచ్చిన సెలవు మాత్రమే. ఎరువిచ్చుటకు అమ్మకమున దొరకు డీవీడీలను కొనవలయును, లేదా ఆడినవారి యనుమతి తీసికొనవలయును. మన సీమ నటులలో అడిగిన కాదనువారు అరుదని నా నమ్మకము. తమ నాటకము నిలుచుననగా సంతోషింపని నటుడెవడు?

మీ యింట పాత టేపులున్నచో ముందుగా వానిని చూడుడు. క్యాసెట్టును పుస్తకమువలె నిలువుగా నుంచవలయునుగాని పఱుపుగా పేర్చరాదు. స్పీకరుపెట్టె ప్రక్కన నుంచకుడు. అందలి అయస్కాంతము ధ్వనిని చెఱచును. లోపల తెల్లని బూజు కనబడిన యంత్రమున వేయకుడు. టేపుతో బాటు యంత్రమును చెడును. వీడియో క్యాసెట్టు వీపున చిన్న ప్లాస్టిక్ రేకు యుండును. దానిని విఱిచివేసిన ఆ టేపుపై మరల రికార్డు చేయుటకు వీలుపడదు. హరిశ్చంద్రునిపై పుట్టినరోజు పండుగ నెక్కించిన యిండ్లు నేనెఱుగుదును! పట్టణములోని స్టూడియోవారిచే పెన్ డ్రైవులోనికి ఎక్కించి, రెండు ప్రతులు తీయించి, ఒకటి వేఱొక యింట నుంచుడు. పాత టేపును వెంటనే పాఱవేయకుడు. ఎరువు తెచ్చిన డీవీడీని అంచులతో పట్టుకొనవలయును. తుడువవలసి వచ్చిన మెత్తని గుడ్డతో నడిమినుండి అంచువైపునకు తిన్నగా తుడువుడు, పళ్లెము కడిగినట్లు గుండ్రముగా రుద్దకుడు.

టేపు పెట్టెలో ఒక కాగితముంచుడు. నాటకము పేరు, ఆడిన యూరు, సంవత్సరము, తిథి తెలిసిన తిథి, ఏ తిరునాళ్లు, ఎవరు ఏ వేషము వేసిరి, హార్మోనియము ఎవరు, తబలా ఎవరు. ఇవన్నియు తెలిసిన పెద్దవారు ఇంటింట నింకను ఒకరిద్దరు మాత్రమే మిగిలియున్నారు. వారిని మధ్యాహ్నము భోజనమైన తరువాత కూర్చుండబెట్టి, టేపు పెట్టి, వారు చెప్పినట్లు వ్రాసికొనుడు. చంద్రమతి వేషము వేసినది ఎవరో మొదట అడుగుడు.